ఫైబర్ రాని చోట ఇంటికి ఏ ఇంటర్నెట్ తీసుకోవాలి?

ముందు 4జీ, 5జీ సిగ్నల్ కొలవండి. ఫోన్‌లో కనిపించే గీతల్ని నమ్మొద్దు. నెట్‌వర్క్ వివరాలు చూపే యాప్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ నుంచి అందే సిగ్నల్ బలం, డీబీఎంలలో కొలుస్తారు) మైనస్ 95 డీబీఎం కంటే మెరుగ్గా, అంటే సున్నాకి దగ్గరగా ఉంటే మామూలు సిమ్ రౌటర్ చాలు. మైనస్ 110 దగ్గరుంటే టవర్ వైపు తిప్పిన బయటి యాంటెన్నా కావాలి. యాంటెన్నా కేబుల్ పొడవయ్యేకొద్దీ సిగ్నల్ నష్టపోతుంది కాబట్టి, బయట బిగించే రౌటర్‌నే పైన పెట్టి ఈథర్‌నెట్ తీగ కిందికి లాగడం మేలు. సిగ్నల్ బాగున్నా రాత్రిళ్లు టవర్ మీద రద్దీ పెరిగి వేగం పడిపోవచ్చు. ఒక నెల రీఛార్జ్‌తో ఆ వేళల్లో పరీక్షించాకే ఏడాది ప్లాన్ కట్టండి.

అదీ కుదరకపోతేనే ఉపగ్రహం. 35,786 కి.మీ. ఎత్తులో, భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహంతో స్పందన ఆలస్యం దాదాపు 600 మిల్లీసెకన్లు. వీడియో కాల్‌లో మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. సుమారు 550 కి.మీ. ఎత్తులో తిరిగేవి చాలా నయం, కానీ డిష్‌కి చెట్లు అడ్డురాకూడదు.