నెలాఖరు వంద రూపాయలతో రీఫ్ ట్యాంకు బతుకుతుందా?

ప్రశ్న: నా వయసు 33. విశాఖ సీతమ్మధారలో అద్దెకుంటున్నాం. భార్య, నాలుగేళ్ల పాప. నెలకు చేతికి 78,000 వస్తుంది. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 47,000, కారు ఈఎంఐ 11,400, సిప్ 8,000. సేవింగ్స్ ఖాతాలో 1,60,000 ఉన్నాయి. ఉప్పునీటి రీఫ్ అక్వేరియం (సముద్రపు చేపలు, పగడాలు పెంచే ట్యాంకు) పెట్టుకోవాలని ఎప్పట్నుంచో కోరిక. 200 లీటర్ల ట్యాంకుకి షాపువాళ్లు 1,38,000 కొటేషన్ ఇచ్చారు (జత చేశాను). కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది, నెలకు 11,500. సముద్రం పక్కనే కాబట్టి నీళ్లకు ఖర్చుండదు. తీసుకోవచ్చా?

జవాబు: ముందు మీ లెక్క మీకే చదివి వినిపిస్తాను. 78,000లో ఇల్లు, కారు, సిప్ పోగా మిగిలేది 11,600. ట్యాంకు ఈఎంఐ 11,500. అంటే నెలాఖరుకి వంద రూపాయలు. చేపల మేత, కరెంటు, ఉప్పు, ఫిల్టర్లు అన్నీ ఆ వందలోనే సర్దుకోవాలి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడాడని సామెత. మీరు అసలు అంకుశాన్నే లెక్కలోకి తీసుకోలేదు.

మీ సరదాను నేను తప్పుపట్టను. కాకపోతే ఈ సరదాకి మేత కావాలి, రోజూ. అందుకే ట్యాంకు ధర సంగతి పక్కనపెట్టి నెల ఖర్చు చూద్దాం.

కరెంటుతో మొదలుపెడతాను. రీఫ్ ట్యాంకు నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మన మే నెల మధ్యాహ్నాలు మీకు తెలుసు. పైన చిన్న ఫ్యాను బిగిస్తే నీళ్లు చల్లబడతాయని ఎవరో ఒకరు చెబుతారు. పొడిగాలి ఉన్న ఊళ్లో అది బాగానే పనిచేస్తుంది, విశాఖ ఉక్కలో నీళ్లు ఆవిరయ్యేదే తక్కువ. కాబట్టి నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లర్, తప్పదు. కొటేషన్‌లోని చిల్లర్ 200 వాట్లది. రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 60 యూనిట్లు. లైట్లు 27, పంపులు 29, నీటిలోని మురికిని నురగగా తీసేసే స్కిమ్మర్ 11. మొత్తం 127 యూనిట్లు. ఏసీ వాడే ఇల్లయితే వేసవిలో 226 యూనిట్లు దాటడం మామూలే. ఆ శ్లాబులో యూనిట్ 8.75, నాలుగు వందలు దాటితే 9.75. అంటే మీ కరెంటు బిల్లు మీద ఇంకో 1,100, సర్‌చార్జీలు కాకుండా.

ఇక ఉప్పు, అంటే మామూలు నీటిని సముద్రపు నీరుగా మార్చే అక్వేరియం ఉప్పు. లీటరు నీటికి సుమారు 36 గ్రాములు. 200 లీటర్లు మొదటిసారి నింపడానికే ఏడు కిలోలకు పైగా పోతుంది. తర్వాత వారానికి 20 లీటర్లు మార్చినా 720 గ్రాములు కరుగుతాయి. మీ కొటేషన్ ప్రకారం 20 కిలోల డబ్బా 9,000. మొదటి డబ్బా నాలుగు నెలలు వస్తుంది. నెలకు చూస్తే 1,400. మేత, టెస్ట్ కిట్లు, ఆర్వో ఫిల్టర్లకు ఓ వెయ్యి వేసుకోండి. మూడున్నర వేలు తేలింది. పంపు కాలినప్పుడు, చేప చచ్చినప్పుడు వాడుకోవడానికి ఇంకో 1,500 పక్కన పెట్టాలి. అంటే నెలకు 5,000.

"సముద్రం పక్కనే ఉంది కదా" అన్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఒడ్డు దగ్గర నీళ్లలో ఊరి కాలువల మురుగు కలిసి ఉంటుంది. పైగా వానాకాలం ముగిశాక గంగా, బ్రహ్మపుత్ర, మహానదుల వరద నీళ్లు తీరం వెంట దక్షిణానికి దిగొస్తాయి, ఉప్పదనం పడిపోతుంది. ఏ వారం ఎంత ఉంటుందో తెలియని నీటితో రీఫ్ నడపలేం. ఆర్కే బీచ్‌లో బకెట్ ముంచి మిగిల్చేది 1,400. ఆ నీళ్లతో పోగొట్టుకునేది ట్యాంకులో ప్రాణమున్న ప్రతిదీ.

ఇప్పుడు కొటేషన్‌లో ఎక్కడా లేని ఖర్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, అప్పుడు మా తోడల్లుడి ఇంట్లో ఇలాంటి ట్యాంకే ఉండేది. కరెంటు పోయింది, పంపులు ఆగాయి. కదలని నీటిలో ఆక్సిజన్ తరిగిపోతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. టార్చ్ వెలుగులో ఆయనా, మా మరదలూ వంతులేసుకుని చెంబుతో నీళ్లు ముంచి, మోచెయ్యి ఎత్తు నుంచి మళ్లీ ట్యాంకులోకే పోశారు. అలా తెల్లవార్లూ. రెండో రోజు రాత్రికి ఆవిడ చెంబు కింద పెట్టేసి, "ఇంక నా వల్ల కాదు" అని పడుకుంది. మూడో రోజుకి రెండు క్లౌన్ ఫిష్‌లు తప్ప ఏమీ మిగల్లేదు. ఇన్వర్టర్ ఉంటే చిల్లర్‌ని మోయలేకపోయినా నీటిని కదిలించే చిన్న పంపుని, వేవ్‌మేకర్‌ని, చాలాసేపు నడుపుతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు అయినా ఉండాలి. మన తీరంలో ఇది ట్యాంకు ధరలో భాగమే.

నో కాస్ట్ ఈఎంఐ గురించి ఎక్కువ చెప్పను. వడ్డీని ధరలోనే కలుపుతారు, లేదా నగదు డిస్కౌంట్ ఎగ్గొడతారు. ఆ వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు స్టేట్‌మెంట్లో విడిగా వస్తాయి. "ఒకేసారి ఇస్తే ఎంత?" అని షాపులో అడగండి, తేడా అక్కడే తెలుస్తుంది.

దానికంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. కొత్త ట్యాంకులో అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడాలి. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా అందులో చేప వెయ్యకూడదు. వేశాక కూడా ఒకటీ రెండూ చొప్పునే. అంటే ఖర్చు నెలల తరబడి సాగాల్సిన పని ఇది. ఈఎంఐ పెట్టి అన్నీ ఒకేరోజు కొంటే, ఖాళీ నీళ్లని చూస్తూ మొదటి వాయిదా కడతారు.

కొటేషన్‌లో "లైవ్ కోరల్ 6 పీసులు, 24,000" అన్న వరుసని కొట్టేయండి. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, సముద్రగుర్రాలూ అంతే. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఎవరు అమ్మినా, ఎంత చవకైనా అటు అడుగు వెయ్యొద్దు. మెత్తని పగడాలైనా సరే, అవి ఎక్కడినుంచి వచ్చాయో చూపించే కాగితాలు లేకపోతే వద్దు. లైవ్ రాక్ (సముద్రం నుంచి తీసిన, జీవులున్న రాయి) బదులు తయారుచేసిన డ్రై రాక్ తీసుకోండి. చేపల్లో హేచరీ పిల్లలనే అడగండి. క్లౌన్ ఫిష్‌ని హేచరీలో పుట్టించే పద్ధతిని మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) ఎప్పుడో సాధించింది. ట్యాంకులోనే పుట్టి పెరిగిన పిల్ల, సముద్రంలో పట్టి తెచ్చినదానికంటే గట్టిగా నిలబడుతుంది. బాగా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది. ఆ పదేళ్లలో మీరు ఎన్ని అద్దె ఇళ్లు మారతారో చూసుకోండి. 200 లీటర్లంటే రాళ్లు, గాజు, స్టాండుతో 250 కిలోలు దాటుతుంది. ఓనరు గారికి ముందే చెప్పండి.

ఇక నా సలహా. మీ నెల బాధ్యత, కారుతో కలిపి, 58,400. అత్యవసర నిధిగా మూడు నెలలకి 1,75,200 కావాలి, మీ దగ్గర 1,60,000 ఉంది. ఆ డబ్బు ముట్టుకోవద్దు. సిప్ ఆపొద్దు. మిగిలే 11,600లో 5,600 అత్యవసర నిధికి వెయ్యండి. 6,000కి ఏడాది రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) తెరవండి, 6.5 శాతం వడ్డీ దొరికితే 74,500 చేతికొస్తుంది. 200 కాకుండా 120 లీటర్లకి కొటేషన్ అడగండి. ట్యాంకు మరీ చిన్నదైనా కష్టమే, నీళ్లు తక్కువైతే ఉప్పూ ఉష్ణోగ్రతా తొందరగా అటూఇటూ అవుతాయి.

ఏడాది తిరిగాక ముందు ట్యాంకు, స్టాండు, ఆర్వో, రాళ్లు, పంపులు. నీళ్లు కుదురుకుంటుండగా స్కిమ్మర్, చిల్లర్. తర్వాత ఒక జత క్లౌన్ ఫిష్. పగడాలకు కావాల్సిన ఖరీదైన లైట్లు అన్నింటికంటే చివర, అదీ కాగితాలున్న మెత్తని పగడాలు దొరికితేనే. ఆర్డీకి కట్టిన ఆ 6,000 అప్పటినుంచి ట్యాంకు పోషణకి మళ్లుతుంది. ఆర్డీ కట్టే ఏడాదిలో రెండుసార్లు వాయిదా తప్పితే మాత్రం ట్యాంకు జోలికి వెళ్లకండి. బ్యాంకు మహా అయితే చిన్న జరిమానా వేస్తుంది, చేపలకు ఆ ఓపిక ఉండదు.

అన్నట్టు, మీ కొటేషన్‌లో 200 వాట్ల హీటర్లు రెండున్నాయి. విశాఖలో నీళ్లు వేడిచేసుకునే అవసరం ఎన్ని రాత్రులు వస్తుందో షాపువాళ్లనే అడగండి. కొత్త కొటేషన్ వచ్చాక, అవి తీసేశారో లేదో చూసి నాకు పంపండి.