టికెట్ దొరకలేదని బండి తీస్తున్నారా?

ఊరి నుంచి కొత్తగా బెంగళూరు వచ్చిన పిల్లలు పీజీ, అడ్వాన్సు, గ్యాస్ సిలిండరు గురించి అడగడం అయ్యాక ఇంకో ప్రశ్న తప్పకుండా వేస్తారు. "అన్నా, నా దగ్గర స్ప్లెండర్ ఉంది. హైవే మీద ఎప్పుడూ నడపలేదు. శుక్రవారం ఆఫీసయ్యాక ఊరికి వెళ్లిపోవచ్చా?" స్ప్లెండర్ బదులు షైన్ కావచ్చు, యాక్టివా కావచ్చు. ఊరు ధర్మవరం కావచ్చు, మదనపల్లె కావచ్చు, పలమనేరు కావచ్చు. బండీ ఊరూ మారుతుంటాయి గానీ శుక్రవారం, ఆఫీసయ్యాక అన్న రెండు మాటలు మాత్రం మారవు.

నా జవాబూ మారదు. ఆ బండి చాలు, ఆ వేళే పనికిరాదు.

చిన్న బండి హైవేకి పనికిరాదనే మాట ఎక్కువగా పెద్ద బండ్లవాళ్లు అంటుంటారు, పట్టించుకోకండి. బెంగళూరు నుంచి అనంతపురం రెండువందల పైచిలుకు కిలోమీటర్లు. సరిగ్గా చూసుకున్న వంద సీసీ బండి అరవై, అరవై అయిదు మీద ఆ దూరం హాయిగా లాగుతుంది. "గంటకోసారి ఆపి ఇంజను చల్లార్చాలి" అంటారు. ఆయిల్ సరిగ్గా ఉంటే ఇంజనుకు ఆ అవసరం రాదు. ఆపాల్సింది మన నడుము కోసం, కళ్ల కోసం. అయితే ఈ బండ్లలో పట్టే ఆయిలే లీటరు అటూఇటూగా ఉంటుంది, కొంచెం తగ్గినా తేడా గట్టిగా తెలుస్తుంది. బయల్దేరే ముందు ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల (డిప్‌స్టిక్) తీసి ఓసారి చూసుకోండి.

ఇక వేళ సంగతి. శుక్రవారం ఏడింటికి మారతహళ్లిలో బయల్దేరితే హెబ్బాళ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది. అప్పటికి చీకటి పడిపోతుంది. హైదరాబాద్ వైపు వెళ్లే స్లీపర్ బస్సులన్నీ ఆ వేళకే రోడ్డెక్కుతాయి. పగలు నగరంలోకి రానివ్వని పెద్ద లారీలూ అప్పుడే కదులుతాయి. మీరేమో పొద్దున్నుంచీ తెర ముందు కూర్చున్న కళ్లతో, ముప్పై అయిదు వాట్ల హెడ్‌లైటుతో ఆ గుంపులో దూరుతారు. అరవై మీద పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఏదో కనిపించి, చెయ్యి బ్రేకు మీద పడి, బండి పూర్తిగా ఆగేసరికి, అదీ పొడి రోడ్డు మీద, నలభై మీటర్లు అయిపోతాయి. వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీ, ఎదుటివాళ్ల హై బీమ్ కళ్లలో కొడుతుండగా, ఆ నలభై మీటర్ల లోపలికి వచ్చాకే కనిపిస్తే ఇక చేసేదేమీ ఉండదు. 2023 అక్టోబరు 26 పొద్దున చిక్కబళ్లాపురం దగ్గర పొగమంచులో ఆగి ఉన్న ట్యాంకర్‌ను ఒక టాటా సుమో వెనక నుంచి గుద్దింది. పదమూడు మంది పోయారు. చాలామంది మన గోరంట్ల వైపు నుంచి బతుకుదెరువుకు బెంగళూరు వస్తున్నవాళ్లే. నాలుగు చక్రాల బండికే ఆ గతి పట్టింది.

కాబట్టి శుక్రవారం రాత్రి పడుకోండి. శనివారం తూర్పు తెల్లబడ్డాక బయల్దేరండి. చలికాలమైతే దేవనహళ్లి, చిక్కబళ్లాపురం మధ్య మంచు విడిచేదాకా ఆగండి. ఆరింటికే వెళ్లాలన్న రూలేమీ లేదు, ఎనిమిదిన్నరకు బయల్దేరినా మధ్యాహ్నం భోజనానికి ధర్మవరంలో ఉంటారు.

అసలు మొదటి ప్రయాణమే ఊరికి పెట్టుకోవద్దు. ఇంటికి వెళ్లేటప్పుడు మధ్యలో తిరిగొచ్చేయడానికి మనసు ఒప్పదు, అమ్మ ఎదురుచూస్తుంటుంది. ముందు ఒక ఆదివారం పొద్దున చిక్కబళ్లాపురం దాకా వెళ్లి, టిఫిను చేసి వచ్చేయండి. అరవై కిలోమీటర్ల లోపే. ఇంకో ఆదివారం బాగేపల్లి దాకా వెళ్లండి, అది వంద. అక్కడ టీకొట్టులోనైనా, పంక్చరు షాపులోనైనా తెలుగులోనే మాట్లాడుకోవచ్చు, కొత్తవాళ్లకు అదీ ఒక ధైర్యం. ఈ రెండూ అయ్యాక ఊరి మాట ఆలోచించండి. ఎయిర్‌పోర్టు రోడ్డులో మాత్రం హెబ్బాళ నుంచి సర్వీసు రోడ్డు ఉన్నంత మేరా సర్వీసు రోడ్డులోనే వెళ్లండి. ఫ్లైటు అందుకోవాలనే తొందరలో పోయే టాక్సీలతో మనకు పోటీ ఎందుకు? నా లెక్కన ఈ దారి మొత్తంలో చిన్న బండికి గడ్డు భాగం అదే. దేవనహళ్లి దాటితే సగం భారం దిగినట్టే.

ఇప్పుడు ఓవర్‌టేక్ గురించి. కొత్తవాళ్లు దెబ్బ తినేది ఇక్కడే. దీన్ని ధైర్యంతో కాదు, లెక్కతో చూడండి.

ముందు లారీ యాభై అయిదులో పోతోంది. మీరు అరవై అయిదు. తేడా గంటకు పది కిలోమీటర్లు, అంటే సెకనుకు మూడు మీటర్ల లోపు. లారీ పొడవు పన్నెండు మీటర్లు అనుకోండి. దాని వెనక పదిహేను మీటర్ల ఎడం నుంచి మొదలై, ముందుకు వెళ్లి మళ్లీ అంతే ఎడంతో ఎడమకు రావాలంటే నలభై మీటర్ల పైన అదనంగా పోవాలి. దానికి పదిహేను సెకన్లు పడుతుంది. పదిహేను అంకెలు నిదానంగా లెక్కపెట్టి చూడండి, ఎంతసేపో తెలుస్తుంది. ఆ సేపంతా మీరు కుడి లేన్‌లో ఉంటారు. వెనక నుంచి వంద మీద వచ్చే కారు సెకనుకు దాదాపు పది మీటర్ల చొప్పున మీకు దగ్గరవుతుంటుంది. అద్దంలో నూట యాభై మీటర్ల అవతల చిన్న చుక్కలా కనిపించిన కారు మీరు లారీని దాటేలోపే మీ వెనక చక్రం దగ్గరికి వచ్చేసి లైట్లు కొడుతుంది. అప్పుడు కంగారులో ఎడమకు లాగారంటే అక్కడ లారీ ఇంకా ఉంటుంది.

పెద్ద బండి ఉన్నవాడు గేరు తగ్గించి ఎక్స్‌లేటర్ తిప్పితే అయిదారు సెకన్లలో ఈ పని ముగిస్తాడు. మనకు ఆ నిల్వ లేదు. అరవై అయిదు మీద మీ బండి దగ్గర ఇంకా మిగిలిన బలం చాలా తక్కువ. అందుకే నా పద్ధతి ఇది: లారీ యాభై దాటి పోతుంటే దాన్ని దాటను. నాలుగు సెకన్ల ఎడం ఉంచుకుని వెనకే పోతాను. అరవై అయిదు బదులు యాభై అయిదులో పోయినా వంద కిలోమీటర్లకు పోయేది ఇరవై నిమిషాల లోపే, అవి ఊళ్లో ఎవరూ లెక్కపెట్టరు. ఎత్తెక్కేటప్పుడు లారీ నలభైకి, ముప్పైకి పడిపోతుంది. అప్పుడు దాటండి. కానీ ఆ ఎత్తులో మన బండీ మూలుగుతుంది కాబట్టి ఒక గేరు ముందే తగ్గించుకుని ఉండాలి.

ఇదంతా డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మాట. దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వెళ్లే దారి, చింతామణి మీదుగా మదనపల్లె వెళ్లే దారి వేరు. అక్కడ ఎదురుగా వచ్చేవాళ్లూ అదే రోడ్డు మీద ఉంటారు. ఆ పదిహేను సెకన్లలో మీరు 270 మీటర్లు పోతే, ఎనభై మీద ఎదురొచ్చేవాడు 330 మీటర్లు వస్తాడు. ఆరువందల మీటర్లు తిన్నగా, ఖాళీగా కనిపిస్తేనే లారీని దాటాలి. మలుపుల దారిలో అంత ఖాళీ ఎక్కడ కనిపిస్తుంది? ఆ రోడ్లు మన ఊరి రోడ్లలా ఉన్నాయి కదా అని కొత్తవాళ్లు అటే మొగ్గుతారు. మొదటిసారికి నేనైతే దేవనహళ్లి, చిక్కబళ్లాపురం మీదుగా పోయే 44వ నంబరు హైవేనే ఎంచుకోమంటాను.

రోడ్డు మీద ఎక్కడ ఉండాలి? ఎడమ చివర తెల్ల గీత అవతల కాదు. అక్కడ ఇసుక, గాజు పెంకులు, ఆపిన లారీలు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, యూ టర్న్ దూరమని ఎదురు దిక్కులో వచ్చే ట్రాక్టర్లు, బైకులు ఉంటాయి. ఎడమ లేన్‌లోనే, కార్ల ఎడమ చక్రాలు పోయే జాడలో ఉండండి. మన దగ్గర లారీలు కుడి లేన్ పట్టుకుని కదలవు, బస్సులు వాటిని ఎడమ నుంచే దాటుతాయి. కాబట్టి అద్దం చూడడం ఊపిరి పీల్చినంత అలవాటు కావాలి. రెండు అద్దాలూ లేకుండా ఊళ్లో తిరిగే బండిని హైవే ఎక్కించకండి.

బస్సు పక్క నుంచి దూసుకుపోతే గాలి ముందు నెడుతుంది, తర్వాత లోపలికి లాగుతుంది. మొదటిసారి గుండె జారుతుంది. హ్యాండిల్ బిగించి పట్టుకుంటే బండి ఇంకా ఊగుతుంది. మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టి, మోచేతులు వదులుగా ఉంచండి, దానంతటదే సర్దుకుంటుంది. పెనుకొండ దాటాక ఆషాఢంలో అడ్డగాలి అలాగే కొడుతుంది. అక్కడ గాలిమరలు ఊరికే పెట్టలేదు. వీపున పెద్ద బ్యాగు ఉంటే ఆ గాలి దాన్ని పట్టుకుని మిమ్మల్ని తోస్తుంది. బ్యాగును వెనక సీటుకు రబ్బరు తాళ్లతో కట్టేయండి. తాడు కొసలు చైనులో పడకుండా చూసుకోండి.

బ్రేకుల సంగతి. 2019 ఏప్రిల్‌లో అమలైన రూలులో 125 సీసీ పైబడిన కొత్త బండ్లకే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి చేశారు. అంతకు లోపువాటికి సీబీఎస్ చాలన్నారు. అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది, అంతే. చక్రం బిగుసుకుపోకుండా అది ఆపదు. కంగారులో ఒక్కసారిగా తొక్కితే వెనక చక్రం జారుతుంది. ఖాళీ లేఔట్ రోడ్డులో నలభై మీద నుంచి రెండు బ్రేకులూ కలిపి మెల్లగా బిగిస్తూ ఆపడం సాధన చేయండి. చిత్తూరు వైపు వాళ్లకు ఇంకో మాట: మొగిలి ఘాట్‌లో న్యూట్రల్‌లో దించి పెట్రోలు మిగిల్చే తెలివి వద్దు. మూడో గేరులోనే దిగండి.

టైర్లలో గాలి, చైను వదులు, వెనక లైటు, బ్రేకు లైటు బయల్దేరే ముందురోజే చూసుకోండి. ఇది మీ మెకానిక్ అరగంటలో చేసే పని.

కొన్ని రోడ్లు మనవి కావు. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రోడ్డు మీద 2023 ఆగస్టు 1 నుంచి టూవీలర్లను నిషేధించారు, సర్వీసు రోడ్డులోనే వెళ్లాలి. హొసకోట దగ్గర మొదలయ్యే కొత్త చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మీదా అనుమతి లేదు. కోలారు, ముళబాగిలు మీదుగా పాత దారే పట్టండి, దోసె కూడా దొరుకుతుంది. బెంగళూరు అంచున పోయే నైస్ టోల్ రోడ్డులో రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా టూవీలర్లను వదలరు. ఫోను మ్యాప్‌లో కారు గుర్తు తీసి బైకు గుర్తు పెట్టుకోకపోతే అది మిమ్మల్ని నేరుగా వీటి మీదికే పంపుతుంది. జాతీయ రహదారి టోల్‌గేట్లలో బైకుకు డబ్బు కట్టక్కర్లేదు, ఎడమ చివర సందులోంచి వెళ్లిపోవడమే. నాలుగు లేన్ల రోడ్డు మీద బైకు గరిష్ఠ వేగం ఎనభై. మనకు ఆ హద్దుతో పని పడదు.

కాగితాల్లో ఒక్కటి మాత్రం నొక్కి చెబుతాను. చాలామంది రూమ్మేట్ బండి అడిగి తీసుకెళ్తారు. ఇన్సూరెన్సులో ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి యజమానికే, అదీ ఆయనకు లైసెన్సు ఉంటేనే. అరువు బండి మీద మీకేమన్నా అయితే ఆ డబ్బు మీ ఇంటికి రాదు. వేరే పాలసీ ఏదైనా ఉంటే తప్ప పక్కవాడి బండితో హైవే ఎక్కకండి. ఎల్‌ఎల్‌ఆర్ మీద ఉన్నవాళ్లు అసలే వద్దు.

వెనక ఎవరినైనా ఎక్కించుకోవచ్చా అని అడుగుతారు. మొదటి కొన్నిసార్లు వద్దు. ఇద్దరుంటే పైన చెప్పిన పదిహేను సెకన్లు ఇరవై దాటుతాయి, బ్రేకు పట్టడమూ ఆలస్యమవుతుంది. తర్వాత ఎక్కించుకున్నా వెనకవాళ్లకూ ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ ఉండాలి. చున్నీ, చీర కొంగు చక్రంలో పడకుండా కట్టుకోవాలి.

దారిలో ఏమైనా అయితే హైవే సాయం నంబరు 1033, అంబులెన్సుకు 108. ఎక్కడున్నారో చెప్పడానికి దగ్గర్లోని కిలోమీటరు రాయి చదవండి, ఊరి పేరుకన్నా అది త్వరగా పనిచేస్తుంది.

ఇక పండగలు. సంక్రాంతికి, ఉగాదికి బస్సు టికెట్లు మూడింతలు అయినప్పుడే ఈ ప్రశ్న నాకు ఎక్కువగా వస్తుంది. ఆ రెండు రోజులూ రోడ్డు మీద ఉండేవాళ్లంతా నిద్రలేని తొందరలోనే ఉంటారు. హిందూపురం, ధర్మవరం, అనంతపురం వాళ్లకు రైళ్లున్నాయి. జనరల్ బోగీలో నిలబడి వెళ్లినా మూడు నాలుగు గంటల పని. బండి ప్రయాణం మామూలు వారానికి పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో ఆదివారం మధ్యాహ్నం అమ్మ పెట్టిన భోజనం చేసి వెంటనే బయల్దేరకండి, రెండు నుంచి నాలుగు మధ్య కళ్లు వాటంతటవే మూసుకుంటాయి. పొద్దున్నే బయల్దేరి, ఆ భోజనం డబ్బాలో తెచ్చుకోండి. గంటల తరబడి అరవై అయిదులో వచ్చాక దేవనహళ్లి దగ్గర నలభై కూడా నడకలా అనిపిస్తుంది. అక్కడ కంటిని కాదు, మీటరును నమ్మండి. సర్వీసు రోడ్డులోకి దిగి, టీ తాగి, కాస్త ఆగి రండి. హెబ్బాళ దాటాక మీ పీజీకి ఏ గల్లీలోంచి వెళ్లాలో నాకన్నా మీకే బాగా తెలుసు.