గేరు స్విచ్ మీద వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మా,

నీ ఆటోమేటిక్ కారులో గేరు లివర్ కింద చెడిపోయిన చిన్న స్విచ్‌ని నువ్వే మార్చుకున్న సంగతి మీద రాసిన వ్యాసం చదివాను. చివరి పేజీ దగ్గర కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే రాస్తున్నాను కాబట్టి మాట కాస్త గట్టిగా ఉంటే ఏమనుకోకు.

బాగున్నది ముందే చెప్పేస్తాను. లివర్ పార్క్‌లోనే, అంటే బండిని నిలిపి ఉంచే గేరులోనే, ఉన్నా "పార్క్‌లో పెట్టండి" అన్న అక్షరాలు డ్యాష్‌బోర్డు మీంచి పోక, అవతల మీటింగుకి టైమైపోతున్నా దిగలేక, ఆఫీసు పార్కింగులో లివర్‌ని అరచేత్తో ముందుకు తోస్తూ కూర్చున్నానని రాశావే, ఆ పేరా బాగుంది. ఏ కోణంలో తోస్తే కారు నమ్ముతుందో కొన్ని నెలలకి నీ మణికట్టుకి తెలిసిపోయిందన్నావు. అంత బాగా చూసిన పిల్లవి, చివరికొచ్చేసరికి "జీవితంలో కూడా ఒక్కోసారి గేరు మార్చాలి" అని ఎందుకు రాశావు?

అది తీసెయ్. ఆ వాక్యమే కాదు, ఆ పేజీ మొత్తం తీసెయ్. పని గురించి రాసేటప్పుడు పనే రాయాలి. దాన్ని ఇంకో పెద్ద విషయానికి గుర్తుగా నిలబెట్టావంటే పనినీ అవమానించావు, పాఠకుణ్ణీ అవమానించావు. ఈ మధ్య పోటీలకి వచ్చే అనుభవ వ్యాసాలన్నిట్లో ఇదే జబ్బు. కుక్కర్ గాస్కెట్ మార్చినా బతుకు గురించే, సైకిల్ ట్యూబు అతికించినా బతుకు గురించే. జడ్జీలు బహుమతులు ఇస్తున్నారు, అందుకే రాస్తున్నారు.

నీ వ్యాసంలో అసలు కథ ఎక్కడుందో తెలుసా? "ఒక ఫ్రెండ్ ఆ రెండు తీగలూ కలిపేసి టేపు చుట్టెయ్యమన్నాడు, నేను ఒప్పుకోలేదు." ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ స్విచ్‌కి వెళ్ళే తీగలవి. నేను అక్కడే ఆగిపోయాను.

లివర్‌ని పార్క్‌లోకి తోసినప్పుడు గేర్‌బాక్స్ లోపల ఒక ఉక్కు పన్ను వెళ్ళి పళ్ళచక్రంలో పడుతుంది. బండిని కదలకుండా పట్టేది అది. లివర్ అడుగున ఉన్న మైక్రోస్విచ్ దేన్నీ ఆపదు, లివర్ పార్క్‌లోకి వచ్చిందని కంప్యూటర్‌కి కబురు చెప్తుంది, అంతే. నీ కారులో పన్ను పడుతోంది, కబురే అందడం లేదు. తీగలు కలిపేస్తే ఇక ఎప్పుడూ అదే కబురు. రివర్స్‌లో ఉన్నా, న్యూట్రల్‌లో ఉన్నా, పార్క్‌లో ఉందనే చెప్తుంది. మనిషి ఇంజన్ ఆపి దిగిపోతాడు, ఏ హెచ్చరికా రాదు. మీ అపార్ట్‌మెంటు పార్కింగు వాలుగా ఉంటుందని నువ్వే రాశావు!

2016 జూన్‌లో లాస్ ఏంజిలిస్‌లో ఆంటన్ యెల్చిన్ అనే నటుడు, 27 ఏళ్ళవాడు, ఇంటి ముందు వాలులో తన కారే వెనక్కి దొర్లి, దానికీ ఇటుక స్తంభానికీ మధ్య నలిగి చనిపోయాడు. అది స్విచ్ పాడైన కారు కాదు. ఏ గేరులో వేసినా లివర్ మళ్ళీ మధ్యకే వచ్చేసే రకం, పార్క్‌లో పడిందో లేదో చేతికి తెలియదు. అలాంటి లివరున్న 11 లక్షలకు పైగా బళ్ళకి అంతకు రెండు నెలల ముందే రీకాల్ ప్రకటించారు, అంటే లోపం సరిచేయడానికి కంపెనీయే బళ్ళని వెనక్కి పిలిచింది. అమెరికాలో 2010 సెప్టెంబరు నుంచి తయారయ్యే ఆటోమేటిక్ కార్లలో బ్రేకు తొక్కనిదే లివర్ పార్క్‌లోంచి రాకూడదన్న నిబంధన కూడా ఊరికే పెట్టలేదు. కార్లో కూర్చున్న పసిపిల్లలు లివర్ లాగేస్తే బళ్ళు దొర్లిపోయాయి, ప్రాణాలు పోయాయి, ఆ తరవాత వచ్చింది.

డీలరు లివర్ మొత్తం మార్చాలి, కొన్ని వందల డాలర్లవుతుందన్నాడు. స్విచ్ ఒక్కటీ తెప్పించుకుంటే కొద్ది డాలర్లే, కానీ రావడానికి వారం. తీగలు కలపడానికి పది నిమిషాలు, పైసా ఖర్చు లేదు, చూసేవాళ్ళు లేరు. ఆ వారం నువ్వు కలపకుండా ఎలా ఉన్నావు? ఎన్నిసార్లు కలిపేద్దామనిపించింది? ఫ్రెండ్‌కి ఏం చెప్పావు? ఇదంతా నాకు కావాలి. వాన మీద రాసిన పేజీ నాకొద్దు.

ఇంకో సంగతి. ముందు సీట్ల మధ్య లివర్ చుట్టూ ఉండే కన్సోల్ ఊడదీశానని రాశావు, బ్యాటరీ నెగిటివ్ వైరు తీశానని రాయలేదు. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ పెట్టె ఆ కన్సోల్ కిందే ఉంటుంది. బ్యాటరీ తీసి, కొన్ని నిమిషాలు ఆగాకే అక్కడ చెయ్యి పెట్టాలి. తీసే ఉంటావు, పాఠకులకి అనవసరం అనుకుని వదిలేసి ఉంటావు. ఈ అనవసరం అన్న మాటంటేనే నాకు మంట.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ షెడ్డులో లెక్కలు రాసేవాణ్ణి. పగలు బిల్లులు, రాత్రి కథలు. ఇంజన్ స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు దించడం నేర్చుకునే కుర్రాడి మీద కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. వేశారు, కానీ బ్యాటరీ వైరు తీసే పేరా ఎడిటరు గారు మొత్తం కొట్టేశారు. యంత్రాల వివరాలు తగ్గించి మానవ సంబంధాలు పెంచమని కార్డు కూడా రాశారు. పత్రిక పట్టుకెళ్ళి మా మేస్త్రికి ఇస్తే, టీ తాగుతూ కూడబలుక్కుని చదివి, "వైరు పీకకుండానే సెల్ఫ్ మీద పానా పెట్టాడా వీడు? మంటలొస్తాయి కదయ్యా" అని పక్కన పెట్టేశాడు. ఆ తరవాత నా కథ ఏదీ ఆయన చదవలేదు. ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని మేస్త్రి నేర్పింది ఆ వైరు గురించే. మానవ సంబంధం అంతా ఆ పేరాలోనే ఉంది. అదే కోసేసి, సంబంధాలు పెంచమన్నారు. ఆ కార్డు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అలాగే, పాత స్విచ్ "పాడైపోయింది" అని వదిలేశావు. మల్టీమీటరు పెట్టానన్నావు కదా, ఏం చూపించింది? స్విచ్ లోపల ఒకదాన్నొకటి తాకి కరెంటుకి దారిచ్చే లోహపు ముక్కలు, కాంటాక్టులు, కలిసినప్పుడు రెసిస్టెన్స్ సున్నా దగ్గరికి రావాలి. ఒకసారి వచ్చి, ఒకసారి రాక, అంకెలు ఊగాయా? ఇలాంటి స్విచ్చుల్లో పారే కరెంటు చాలా తక్కువ, కాంటాక్టుల మీద పట్టిన పొరని కాల్చేసేంత బలం దానికి ఉండదు. రానురాను పొర పెరుగుతుంది. గట్టిగా తోస్తే ఒక్కోసారి కాంటాక్టులు రాసుకుని కాసేపు కలుస్తాయి. బహుశా నీ మణికట్టు కనిపెట్టింది అదే! ఇంత మంచి సంగతి నీ చేతిలో ఉండగా కవిత్వం ఎందుకమ్మా?

చలికి క్లిప్పులు విరిగాయన్నావు. అమెరికాలో మీ కొలంబస్ ఊరి జనవరి చలికి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, విరగక ఏమవుతుంది. హీటరు వేసి కారు కాస్త వెచ్చబడ్డాక బ్యాటరీ తీసి మొదలుపెట్టాల్సింది. ఎన్ని విరిగాయో, ఇప్పుడు ఆ ప్యానెల్ దేని మీద నిలబడుతోందో రాయి. చివర్లో పరీక్ష కూడా ఒక్క ముక్కలో ముగించావు. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రం వెనక దిమ్మ పెట్టి, ఒక్కో గేరులో ఇంజన్ ఆపి చూశావా? పార్క్‌లో తప్ప ఇంకెక్కడా కారు ఒప్పుకోలేదని తేలేదాకా పని అయినట్టు కాదు, వ్యాసమూ అయినట్టు కాదు.

పుస్తకం ఎప్పుడు వెయ్యాలని అడిగావు. ఇప్పుడు ఆ మాట ఎత్తకు.

తిరగరాసి పంపు. మొదటి రెండు పేజీలు ముట్టుకోకు. స్విచ్ పార్టు నంబరు కూడా వెయ్యి, అదే కారున్న ఇంకెవరికైనా పనికొస్తుంది. నంబర్లు వ్యాసంలో బాగుండవని ఏ ఎడిటరైనా తీసేస్తానంటే, ఆ పత్రికకి ఇవ్వకు.