పచ్చని పొలంలో కుందేలుకు కరువు

ప్రశ్న: ఐరోపాలో 1960ల నుంచి అడవి కుందేళ్లు తగ్గుతున్నాయని చదివాను. అక్కడ ఎటు చూసినా పచ్చని పొలాలే కదా, మేతకు లోటేమిటి? నేలతో సంబంధం ఉందా?

జవాబు: లోటు పచ్చదనంలో కాదు, రకాల్లో. గోధుమ మొలక లేతగా ఉన్నంతకాలం మంచి మేతే. కంకి వేసే వేళకు కాడ ముదిరి పీచు అవుతుంది. సరిగ్గా అప్పుడే తల్లులు పాలిస్తుంటాయి. కుందేలు పాలలో కొవ్వు 20 శాతం పైనే (ఆవు పాలలో సుమారు 4). పిల్లకు పాలు దొరికేది రోజుకు ఒక్కసారి, సాయంసంధ్యవేళ, కొన్ని నిమిషాలే. అంత చిక్కని పాలకు కొవ్వున్న మేత కావాలి; అది కలుపు మొక్కల్లో, వాటి గింజల్లో దొరికేది. కలుపు మందు వాటినే తుడిచేసింది. పైగా ఒకే పంట వందల ఎకరాల్లో ఉంటే కోత అయిన మర్నాడే మేతా పోతుంది, నక్క కంటపడకుండా దాక్కునే చోటూ పోతుంది.

నేల సంగతి: ఈ కుందేళ్లు బొరియ తవ్వవు, పిల్లల్ని ఆరుబయటే ఈనుతాయి. నీరు నిలిచే బంకనేలలో వానకు తడిసి, చలికి పిల్లలు చస్తాయి. నీరింకే తేలిక నేలల్లో బతికేవి ఎక్కువ.

రైతు చేయగలిగింది: చేని అంచున నాలుగైదు మీటర్ల పట్టీ మందు కొట్టకుండా వదలాలి, క్లోవర్ వంటి మేత మొక్కల విత్తనాలు చల్లితే మరీ మంచిది. గడ్డిని మధ్య నుంచి బయటికి కోయాలి. చుట్టూ మొదలుపెడితే పిల్లలు నడుమ చిక్కి బ్లేడుకు బలవుతాయి, అవి పారిపోవు, అణిగి కూర్చుంటాయి.