ఇల్లు రాసిచ్చి కొడుకు దగ్గరికి వెళ్ళాలా, కమ్యూనిటీకి వెళ్ళాలా? ఒక రిటైర్డ్ మాస్టారి డౌటు

ప్రశ్న: నాకు 63, మా ఆవిడకి 58. టీచరుగా రిటైరయ్యాను, పెన్షన్ వస్తుంది. తెనాలిలో 200 గజాల్లో నేను కట్టించుకున్న డాబా ఇల్లు నా పేరున ఉంది, ఊరి బయట ఖాళీ స్థలం ఆవిడ పేరున ఉంది. కొడుకు హైదరాబాదులో, కూతురు విశాఖలో. అబ్బాయి ఏమో ఇల్లు అమ్మి ఆ డబ్బు పెద్ద ఫ్లాటుకి పెడితే అందరం కలిసుందాం, అమ్మడం ఇష్టం లేకపోతే ఇల్లు నా పేరున రాయండి అంటున్నాడు. మా ఆవిడ మాత్రం సిటీ బయట సీనియర్ సిటిజన్ల కమ్యూనిటీ ఉంది, 25 లక్షలు డిపాజిట్ కడితే జీవితాంతం ఉండొచ్చట, అక్కడికే పోదాం అంటుంది. రాసిచ్చాక తేడా వస్తే వెనక్కి తీసుకోవచ్చా? ఏది సేఫ్?

జవాబు: మాస్టారూ, ఏ ఊళ్ళో ఉంటే మీకు మనశ్శాంతి అనేది మీరూ అమ్మగారూ తేల్చుకోవాల్సిందే, అది నేను చెప్పలేను. నేను చెప్పేదల్లా మకాం మార్చడం వేరు, ఆస్తి చేతులు మారడం వేరు, మీ అబ్బాయి ఈ రెండూ కలిపి అడుగుతున్నాడు, మీరు కూడా రెండూ ఒకటే అనుకుని కంగారు పడుతున్నారు. రేపే హైదరాబాద్ వెళ్ళండి, ఏమీ కాదు. ఇంటి కాగితాలు మాత్రం మీ పేరునే ఉండనివ్వండి. అబ్బాయి చెడ్డవాడని నేను అనట్లేదు, ఆ మాట ముందే చెప్తున్నా, ఉద్యోగం పోయినా అప్పులు పెరిగినా వాళ్ళ కాపురంలో గొడవ వచ్చినా ఆయన పేరున ఉన్న ఇల్లు ఆయన కష్టాల్లోకి వెళ్ళిపోతుంది, దాంతోపాటు మీరూ వెళ్తారు.

ముందు వెనక్కి తీసుకోవడం సంగతి. గిఫ్ట్ సెటిల్‌మెంట్ అంటే డబ్బు తీసుకోకుండా ఆస్తి రాసిచ్చే కాగితం, ఒకసారి రిజిస్టర్ అయి అవతలివాళ్ళు ఒప్పుకున్నాక, మీరొక్కరే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి రద్దు చేసుకుంటానంటే కుదరదు. చాలామంది పెద్దవాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు, నేను రాశాను కాబట్టి నేనే కొట్టేస్తాను అనుకుంటారు. మరి 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం ఉంది కదా అంటారు, ఉంది, అందులో 23వ సెక్షన్ మీలాంటి వాళ్ళ కోసమే. రాయించుకున్నవాళ్ళు తిండి, వసతి, అవసరాలు చూసుకోకపోతే ఆ డాక్యుమెంటు మోసంతో రాయించుకున్నట్టే లెక్క, మీరు కోరితే ట్రిబ్యునల్, అంటే ఈ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే విచారణ సంస్థ, దాన్ని చెల్లదని ప్రకటించొచ్చు. కానీ చూసుకోవాలనే షరతు మీద ఇచ్చి ఉండాలి. 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే పట్టుకుంది, షరతు ఉందని చెప్పి రుజువు చేయలేకపోతే 23 కింద రద్దు కాదని. తర్వాత 2025 జనవరిలో ఇంకో కేసులో అదే సుప్రీంకోర్టు ఒక తల్లి ఇచ్చిన గిఫ్టుని రద్దు చేసి ఇల్లు ఖాళీ చేయించి ఆమెకి అప్పగించమంది, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం, ఉదారంగా చదవాలి అంది. ఆ కేసులో ఆమెని చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది, అది గుర్తుపెట్టుకోండి. నోటిమాట మీద ఏ కోర్టూ అంత తేలిగ్గా నిలబడదు.

నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చారు, ఆయన డాక్యుమెంటులో "ప్రేమాభిమానాలతో, ఎటువంటి షరతులు లేకుండా" అని ఉంది, డాక్యుమెంట్ రైటర్ పాత ఫార్మాట్ అలాగే టైపు కొట్టేశాడు, ఈయన చదవకుండా సంతకం పెట్టారు. ఆ ఒక్క లైను వల్ల మేం పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. అందుకని ఎప్పుడైనా రాసే పరిస్థితే వస్తే రెండు మాటలు కచ్చితంగా ఉండాలి, ఒకటి మీ ఇద్దరినీ జీవితాంతం తిండి, వసతి, వైద్యం చూసే షరతు మీద ఇస్తున్నానని, రెండోది మీ ఇద్దరిలో ఎవరు బతికున్నా ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మీకే ఉంచుకుంటున్నానని. స్వాధీనం ఇవ్వకుండా గిఫ్ట్ ఎలా చెల్లుతుంది అని రైటర్ అడ్డం తిరిగితే, అలా అనుభవ హక్కు ఉంచుకుని రాసిన రిజిస్టర్డ్ గిఫ్ట్ చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పిందనండి, అది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసే.

ఇంకో చిన్న విషయం కానీ పెద్దది. ఆ 23వ సెక్షన్‌లో ఉన్న మాట వయోవృద్ధులు, అంటే 60 నిండినవాళ్ళు. అమ్మగారికి 58. తల్లిగా పోషణ అడగడానికి వయసుతో పనిలేదు, కానీ ఆవిడ పేరున ఉన్న స్థలం ఇప్పుడు రాసిచ్చేస్తే రేపు అవతల లాయరు "రాసిన రోజుకి ఆవిడ సీనియర్ సిటిజనే కాదు" అని మొదలుపెడతాడు. ఆ స్థలం జోలికి అసలు పోవద్దు.

ఇక ఇల్లు అమ్మి డబ్బివ్వడం, నా దృష్టిలో ఇది రాసివ్వడం కంటే ప్రమాదం. ఇల్లైతే కనీసం కనపడుతుంది, డబ్బు ఆయన లోన్‌లో కలిసిపోతుంది. ఫ్లాటు కొడుకు కోడలు పేర్న ఉంటుంది, మీరు పెట్టిన లక్షలకి ఆ ఫ్లాటులో గజం కూడా మీది కాదు, అక్కడ మీరు ఉండేది వాళ్ళ మంచితనం మీదే. కలిసి కొనాలనే ఉంటే సేల్ డీడ్‌లో మీ పేరు, అమ్మగారి పేరు పెట్టిన డబ్బుకి తగ్గ వాటాతో పడాలి, డబ్బు మీ అకౌంట్ నుంచి బ్యాంకు ద్వారానే వెళ్ళాలి. అప్పుగా ఇస్తానంటే ప్రోనోటు రాయించుకోండి, కొడుకు దగ్గర ప్రోనోటా అని మొహమాటపడకండి, దానికి 3 ఏళ్ళే గడువు, తిరగరాయించుకోవడం మర్చిపోవద్దు. టాక్సు కూడా చూసుకోండి, ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద 12.5 శాతం, మీది 2024 జూలై 23కి ముందుదే కాబట్టి ఇండెక్సేషన్‌తో (అంటే కొన్న ఖర్చుని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి) 20 శాతం లెక్క వేసి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఆ లాభంతో రెండేళ్ళలోపు ఇంకో ఇల్లు మీ పేరున కొంటే మినహాయింపు వస్తుంది, అబ్బాయి పేరున కొంటే మాత్రం టాక్సువాళ్ళతో తగువు పెట్టుకున్నట్టే.

అమ్మగారు చెప్పే కమ్యూనిటీ గురించి. ఆవిడ ఆలోచన నాకు నచ్చింది, తోడుంటుంది, డాక్టరుంటాడు, ఎవరికీ భారం కాం అనే ధైర్యం ఉంటుంది. కానీ 25 లక్షలకి మీరు ఏం కొంటున్నారో చూడండి. సేల్ డీడ్ ఇస్తే అది ఇల్లు, రెరా (బిల్డర్లని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు, ఆలస్యమైతే వడ్డీతో వెనక్కి అడగొచ్చు. డిపాజిట్ కట్టి ఉండే హక్కు మాత్రమే అయితే అది ఇల్లు కాదు, మీరు ఆ కంపెనీకి తాకట్టు లేకుండా అప్పిచ్చినట్టు, రేపు వాళ్ళు మునిగితే మీరు కూడా అప్పులవాళ్ళ లైన్లో నిలబడాలి, పైగా ఇల్లమ్మిన లాభం మీద టాక్సు మినహాయింపుకి ఇది ఇల్లు కొన్నట్టు లెక్కకి రాదు. అగ్రిమెంటు ఇంటికి తెచ్చుకుని చదవండి, అక్కడ ఆఫీసులో కాఫీ తాగుతూ సంతకం పెట్టొద్దు. ఒకరు పోతే రెండోవాళ్ళు అదే గదిలో అదే డిపాజిట్ మీద ఉండొచ్చా, మంచాన పడితే ఉంచుకుంటారా ఖాళీ చేయమంటారా, నెలనెలా కట్టేది ఏడాదికి ఎంత పెంచుతారు, వెళ్ళిపోతామంటే ఎన్ని రోజుల్లో ఎంత కోసుకుని ఇస్తారు, బిల్డర్ వేరు వంటా వైద్యం చూసే ఏజెన్సీ వేరు అయితే ఆ ఇద్దరికీ మీకూ కలిపి ముగ్గురి మధ్య అగ్రిమెంటు ఉందా. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో ఇలాంటి ఇళ్ళకి మోడల్ గైడ్‌లైన్స్ కూడా ఇచ్చింది, వాటి ప్రకారం ఉందా అని అడగండి, జవాబు చెప్పే తీరులోనే సగం తెలిసిపోతుంది. మీ పెన్షనర్ హెల్త్ కార్డు ఆ చుట్టుపక్కల ఏ ఆస్పత్రిలో పనిచేస్తుందో కూడా ఇప్పుడే కనుక్కోండి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి, నాకు దీని మీదే ఎక్కువ బెంగ. వీలునామా లేకుండా రేపు మీకేమైనా అయితే తెనాలి ఇల్లు మొత్తం అమ్మగారికి రాదు, ఆవిడకీ కొడుక్కీ కూతురికీ సమాన వాటాలు, మిమ్మల్ని కన్న తల్లి బతికుంటే ఆమెకి కూడా ఒక వాటా. పిల్లల్లో ఎవరు పార్టిషన్ దావా వేసినా ఆవిడ ఉన్న ఇల్లే పంపకానికి వస్తుంది. ఆవిడ స్థలం సంగతీ అంతే, మీకు మూడోవంతే. అందుకని ఈ నెలలోనే ఇద్దరూ చెరో వీలునామా రాసుకోండి, ముందు ఒకరికొకరు, తర్వాత పిల్లలకి ఎవరికేది అనుకుంటే అది. స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి వాళ్ళూ సంతకం చేయాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయించండి. మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు, గిఫ్టులో లేని సుఖం అదే. అబ్బాయికి కూడా చెప్పొచ్చు, నీకిచ్చేది వీలునామాలో ఉంది నాన్నా అని. ఇల్లు మీ సొంత కష్టార్జితం కాబట్టి మీరు బతికుండగా అందులో కొడుక్కి గానీ కూతురికి గానీ అడిగే హక్కు లేదు.

నేనైతే ఏం చేస్తానంటే, తెనాలి ఇల్లు 11 నెలల అగ్రిమెంటుతో అద్దెకిచ్చి, ఒక గది మీ సామానుకి ఉంచుకుని, ఒక ఆర్నెల్లు కొడుకు దగ్గర, ఒక రెండు నెలలు ఆ కమ్యూనిటీలో డిపాజిట్ లేకుండా అద్దెకి ఉండనిస్తే అక్కడ, ఉండి చూస్తాను. నచ్చకపోతే తాళం తీసుకుని ఇంటికొచ్చేయడమే. మళ్ళీ తెనాలిలోనే ఉండి డబ్బు చాలకపోతే, 60 దాటినవాళ్ళకి సొంత ఇంటి మీద బ్యాంకు నెలనెలా డబ్బిచ్చే రివర్స్ మార్ట్‌గేజ్ ఉంది, మీరు ఉన్నన్నాళ్ళూ ఇంట్లోనే ఉంటారు, మన వైపు దీని గురించి అడిగేవాళ్ళే తక్కువ.

ఒకవేళ ఇప్పటికే ఏదైనా రాసిచ్చి ఉంటే దాచకండి, ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, మీరున్న చోట గానీ కొడుకు ఉన్న చోట గానీ అర్జీ పెట్టొచ్చు. పోషణ అయితే నెలకి 10,000 దాకా ఇప్పించగలరు, అర్జీ 90 రోజుల్లో తేల్చాలని చట్టం, నచ్చకపోతే 60 రోజుల్లో అప్పీలు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14567కి ఫోన్ చేయండి, అది వృద్ధుల కోసం పెట్టిన హెల్ప్‌లైన్.

ఇంటి ఒరిజినల్ డాక్యుమెంటు, లింకు డాక్యుమెంట్లు (స్థలం అంతకుముందు చేతులు మారిన పాత కాగితాలు), కొత్తగా తీసిన ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) ఒక ఫైల్లో పెట్టి అది ఎక్కడుందో అమ్మగారికి చూపించండి. ఎవరు ఏ డ్రాఫ్టు తెచ్చినా ముందు ఆవిడకి గట్టిగా చదివి వినిపించి, ఆవిడ సరే అన్నాకే నాకు పంపండి, ఈలోగా దేనిమీదా సంతకం పెట్టకండి.