ఉల్లిపొట్టు కంటే ముందు పటిక

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉల్లిపొట్టు రంగు అద్దిన చున్నీ రెండు ఉతుకులకే వెలిసిపోయిందని, ఉప్పూ వెనిగరూ వేసినా నిలవలేదని రాశావు. ఆ రెండింటికీ నూలు మీద ఈ రంగుల్ని పట్టి ఉంచే శక్తి లేదు తల్లీ. నూలుకు ముందు కరక్కాయలాంటి వాటి వగరు పట్టాలి, వగరుకు పటిక పట్టాలి, పటికకు రంగు పట్టాలి. నువ్వు మొదటి రెండూ వదిలేసి మూడోదానితో మొదలుపెట్టావు.

అర కిలో బట్టకు లెక్క చెబుతాను. నీ బట్టను పొడిగా ఉండగా తూచి, అదే పాళ్లలో తగ్గించుకో. కంటి అంచనా వద్దు, చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కో. గిన్నె స్టీలుదే కావాలి. ఇనుప గిన్నె పసుపు రంగును మసకబరుస్తుంది, అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది. ఈ పనికి వాడిన గిన్నెలో మళ్లీ వంట చేయకు.

చిక్‌పేటలో కొన్న కొత్త బట్ట తెల్లగా కనిపించినా లోపల గంజి, నూనె, మైనం ఉంటాయి. 15 లీటర్ల నీళ్లలో 15 గ్రాముల బట్టల సోడా, కాస్త ఘాటు లేని సబ్బు వేసి గంటన్నర ఉడికించు. వంటసోడా కాదు, బట్టల సోడా. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. మరీ ముదురుగా వస్తే పారబోసి రెండోసారి ఉడికించు. ఆరిన బట్ట మీద నీటిచుక్క వేస్తే అది పూసలా నిలవకుండా వెంటనే ఇంకిపోవాలి. మచ్చలు మచ్చలుగా పట్టిన రంగుకు చాలాసార్లు కారణం ఇక్కడే ఉంటుంది.

తర్వాత కరక్కాయ. బెంగళూరులో గ్రంధిగె అంగడికి, అంటే మూలికలూ పూజ సామాన్లూ అమ్మే కొట్టుకు వెళ్లి, కన్నడంలో అళలేకాయి అని అడుగు, ఇస్తారు. 75 గ్రాముల పొడిని వేడినీళ్లలో కలిపి వడగట్టి, చెయ్యి పెట్టగలిగేంత వేడి ఉన్నప్పుడు తడిబట్టను ముంచి గంటసేపు ఉంచు. మధ్యమధ్య తిప్పుతుండు. తీశాక పిండు, జాడించకు. మన శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయకు పాలు కూడా కలుపుతారు, గీసిన రంగు పాకకుండా. నువ్వు గుడ్డంతా ముంచుతున్నావు కాబట్టి నీకు పాలు అక్కర్లేదు.

ఇక పటిక. ఇక్కడ తొందరపడకు. 75 గ్రాముల పటికను వేడినీళ్లలో కరిగించు. 10 గ్రాముల బట్టల సోడాను వేరే గిన్నెలో కరిగించి కొంచెం కొంచెంగా అందులో పొయ్యి. బుసబుసా పొంగుతుంది, అందుకని పెద్ద బకెట్టు తీసుకో. పటికకున్న పులుపు సోడాతో తగ్గితే నూలుకు బాగా అంటుతుంది. పొంగు అణిగాక బట్ట మునిగి తేలేంత గోరువెచ్చని నీళ్లు చేర్చి, కనీసం రెండు గంటలు, వీలుంటే రాత్రంతా నాననివ్వు. బయటికి తీశాక ఒకసారి తేలిగ్గా జాడించాలి. లేకపోతే అంటకుండా మిగిలిన పటిక రంగుగిన్నెలోకి వచ్చి, రంగును అక్కడే పట్టుకుని పొడిగా మారుస్తుంది. ఆ పొడి బట్టపైన కూర్చుని, వేలితో రుద్దితే రాలుతుంది.

ఆ పైన రంగు పని తేలికే. ఎండిన ఉల్లిపొట్టు 250 గ్రాములు గంట ఉడికించి, వడగట్టి, బట్ట వేసి సన్నని మంట మీద గంట ఉంచి, అందులోనే చల్లారనివ్వు. బంగారు రంగు వస్తుంది, కానీ ఎండకు త్వరగా తగ్గుతుంది. నా మాట వింటే జ్యూస్ దుకాణంలో పారేసే దానిమ్మ తొక్కలు అడిగి తెచ్చుకుని ఎండబెట్టుకో. తూకం అంతే, రంగు అంతకంటే గట్టిది. తొక్కలోనే వగరు ఉంది కాబట్టి కరక్కాయ మానేయొచ్చు. ఆయుధపూజ మర్నాడు కె.ఆర్. మార్కెట్ దగ్గర బంతిపూలకు కొదవుండదు. దారం, ఆకుపచ్చ తొడిమ తీసేసి రేకులు మాత్రమే ఆరబెట్టు. బంతిని తెర్లనివ్వకు, పసుపు గోధుమరంగులోకి దిగిపోతుంది. బీట్‌రూట్ తొక్క, పసుపుకొమ్ము జోలికి పోకు, మొదటిది ఉతుక్కీ రెండోది ఎండకీ పోతాయి.

నీళ్ల సంగతి మర్చిపోకు. మీ అపార్ట్‌మెంటుకు ట్యాంకర్ నీళ్లు వస్తాయన్నావుగా, అవి చాలావరకు బోరు నీళ్లు. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల కరక్కాయ కషాయం పోసి చూడు. బూడిదరంగుకు తిరిగితే అందులో ఇనుము ఉన్నట్టే, ఏ పసుపైనా మట్టిరంగుకు దిగుతుంది. కావేరి కుళాయి నీళ్లు గానీ, వాననీళ్లు గానీ పట్టి పెట్టుకో.

ముదురు ఆకుపచ్చ, బూడిద రంగులు కావాలంటే ఆ ఇనుమునే వాడుకోవచ్చు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) 5 గ్రాములు 10 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కరిగించి, రంగు వేసిన తడిబట్టను ఐదు నిమిషాలు ఆపకుండా కదుపుతూ ముంచు. గాలి తగిలాక ఇంకా ముదురుతుంది కాబట్టి అనుకున్న ఛాయకు కాస్త ముందే తీసి బాగా జాడించు. 10 గ్రాములు దాటనివ్వకు. ఇనుము ఎక్కువైతే నూలు పెళుసై, కొన్నాళ్లకు మడతల దగ్గర చీలిపోతుంది. దీని బకెట్టు, గరిటె వేరుగా పెట్టుకో, చిటికెడు అన్నభేది పటిక నీళ్లలో పడినా ఆ రోజు పసుపు రాదు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మాత్రం ఇంట్లోకి తేవద్దు. అది విషం, ఆ నీళ్లు పారబోయడానికి మంచి చోటే లేదు. పటిక, అన్నభేది పొడులు కలిపేటప్పుడు కూడా గ్లవ్స్, మాస్కు ఉండాలి.

అద్దిన బట్టను నీడలో ఆరేసి, వారం ఆగి ఉతుకు. కుంకుడు రసమైతే మంచిది, మామూలు డిటర్జెంటు క్షారానికి ఛాయ మారిపోతుంది. నిమ్మరసం పడితే వెంటనే కడుగు, అక్కడ తెల్లమచ్చ పడుతుంది.

చున్నీ జోలికి వెళ్లేముందు జానెడు ముక్క మీద ఇదంతా చేసి, సగానికి అట్ట కట్టి ఎండ పడే కిటికీలో రెండు వారాలు ఉంచు. రెండు సగాలూ కనిపించేలా ఆ ముక్కను పోస్టులో నాకు పంపు. ఫోటోలో ఛాయ సరిగ్గా తెలియదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ