అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: ఇండియాకి రివ్యూల్లో అంత తక్కువ మార్కులు ఎందుకు పడ్డాయి?

మీరు అడిగింది ఇది: "మన దేశంలో జరిగే అసాసిన్స్ క్రీడ్ గేమ్ ఒకటుందని ఇప్పుడే తెలిసింది. రివ్యూలు చూస్తే నూటికి అరవై దగ్గరే ఆగిపోయాయి. గేమ్ నిజంగానే బాగుండదా, లేక మన కథ కాబట్టి బయటి విమర్శకులకు ఎక్కలేదా?"

మన కథ కావడం వల్ల మార్కులు తగ్గలేదండీ. ఈ గేమ్‌ని నేను రెండుసార్లు మొదలుపెట్టాను. 2016లో విడుదలైన కొత్తలో సగంలో వదిలేశాను. 2021 చివర్లో మూడు క్రానికల్స్ గేమ్‌లనీ పీసీ మీద కొన్నాళ్ళు ఉచితంగా ఇచ్చినప్పుడు మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి చివరిదాకా ఆడాను. రెండుసార్లూ నాకు అనిపించింది ఒకటే. ఆట గురించి విమర్శకులు చెప్పినదాంట్లో అన్యాయం లేదు. కానీ ఈ గేమ్‌లో ఇండియా ఎలా ఉందన్నది మాత్రం వాళ్ళు దాదాపు చూడనే లేదు.

ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. అసాసిన్స్ క్రీడ్ అంటే పాత కాలాల్లో చాటుగా తిరిగే హంతకుల (అసాసిన్ల) కథలతో యూబీసాఫ్ట్ కంపెనీ తెచ్చే వీడియో గేమ్‌ల వరస. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ వచ్చినప్పుడు దాంట్లో బగ్స్ ఎంత గొడవ చేశాయో మీకు గుర్తుండే ఉంటుంది. యూబీసాఫ్ట్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, సీజన్ పాస్ (తర్వాత రాబోయే అదనపు భాగాలకి ముందే డబ్బు కట్టే పద్ధతి) అమ్మకం ఆపేసింది. ఆ సీజన్ పాస్‌లో భాగంగా ప్రకటించిన చిన్న గేమే క్రానికల్స్: చైనా. ఇంగ్లండ్‌లోని క్లైమాక్స్ స్టూడియోస్ తయారుచేసింది. తర్వాత దాన్ని మూడు గేమ్‌ల వరసగా మార్చారు. 2015 ఏప్రిల్‌లో చైనా, 2016 జనవరిలో ఇండియా, ఆ మరుసటి నెలలోనే రష్యా. మూడూ పక్కనుంచి చూస్తూ ఆడేవే. బొమ్మలు త్రీడీవి, నడక మాత్రం ఎడమకీ కుడికీ, అక్కడక్కడా ముందు వరస నుంచి వెనక వరసకి.

చైనాని విమర్శకులు ఆదరంగానే చూశారు. పెద్ద గేమ్ నిరాశపరిచిన కొద్ది నెలలకే పది డాలర్లకి ఒక చిన్న, శుభ్రమైన గేమ్ దొరికింది. నీళ్ళలో సిరా కలిపి గీసినట్టున్న ఆ చిత్రాలు అందరికీ నచ్చాయి. పాత గేమ్‌ల కథానాయకుడు ఎజియో దగ్గర విద్య నేర్చుకున్న షావో జున్ కథానాయిక కావడం వల్ల పాత అభిమానులకీ ఆసక్తి కలిగింది. గార్డు ఎంతదూరం చూడగలడో తెరమీద త్రిభుజంలా కనిపిస్తుంది కాబట్టి, దొరికిపోతే తప్పు మనదేనని తెలుస్తుంది. 2012లో వచ్చిన ఇలాంటి గేమే మార్క్ ఆఫ్ ద నింజాతో పోల్చి, దానంత లేదన్నవాళ్ళు చాలామందే. కత్తియుద్ధం మొరటుగా ఉందన్న ఫిర్యాదు కూడా అప్పుడే మొదలైంది. అయినా సగటు డెబ్భైకి కాస్త దిగువన నిలబడింది. మరి ఇండియా దగ్గరికొచ్చేసరికి ఎందుకు పడిపోయింది?

సగం కారణం అందరూ రాసిందే. తొమ్మిది నెలల్లో అదే గేమ్‌ని కొత్త రంగులు వేసి మళ్ళీ అమ్మినట్టు అనిపించింది. రెండో సగం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను 2016లో వదిలేసింది సరిగ్గా అక్కడే.

ఒక గది. పైన చెక్క దూలం, కింద ఇద్దరు గార్డులు. ఒకడు అటూ ఇటూ తిరుగుతుంటాడు, ఇంకొకడు నిలబడి మూడు సెకన్లకోసారి మెడ తిప్పుతాడు. ఇండియా కథానాయకుడు అర్బాజ్ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. చైనాలో ఇలాంటి చోట నాకు కనీసం మూడు దారులుండేవి. ఈల వేసి ఒకణ్ణి పక్కకి రప్పించవచ్చు, వెనక వరసలోంచి చుట్టూ తిరిగి పోవచ్చు, ఓపిక పట్టి ఇద్దరూ వీపు తిప్పే క్షణం కోసం చూడవచ్చు. ఇక్కడ మాత్రం గేమ్ తన మనసులో ఒక్కటే జవాబు పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరినీ చంపకూడదు, ఎవరి కంటా పడకూడదు, పడ్డావా వెంటనే మళ్ళీ మొదటినుంచి. ఈల వేశాను, తిరిగేవాడు వచ్చాడు, నిలబడినవాడు చూశాడు. మళ్ళీ. ఒక అర సెకను ముందు దూకాను. మళ్ళీ. పదో పన్నెండో సారి నేను ఆలోచించడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, దూకు, ఆగు, ఒకటి, నడువు. దాటాను. దాటినందుకు సంతోషం కలగలేదు. ఎక్కాల పుస్తకం అప్పజెప్పినట్టుంది.

ఆ రోజుల్లో చాలా రివ్యూల్లో కనిపించిన మాట, తెలుగులో చెప్పాలంటే, తప్పు చేసి చేసి దారి కనుక్కోవడమే ఆటైపోయిందని. కొందరు దాన్ని "బాగా కష్టం" అని తేల్చేశారు. ఆ మాట నేను ఒప్పుకోను. కష్టం ఎప్పుడూ లోపం కాదు. మూడు దారులుండి మూడూ కష్టమైతే మనం మన దారి ఎంచుకుంటాం, ఓడిపోయినా అది మన పథకమే. ఒక్క దారే ఉండి అది కూడా ఇరుకైతే మనం చేసేది ఊహించడం మాత్రమే. చైనా ఇచ్చిన స్వేచ్ఛని ఇండియా చాలా గదుల్లో వెనక్కి తీసుకుంది. మార్కులు తగ్గడానికి అసలు కారణం అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

పాయింట్ల పద్ధతి దీన్ని ఇంకా బిగించింది. ప్రతి భాగం అయ్యాక మనం ఎలా ఆడామో గేమ్ లెక్క కడుతుంది. నీడలా దాటితే ఎక్కువ పాయింట్లు, కత్తి దూసి కొట్టుకుంటే తక్కువ. ఆ పాయింట్లతోనే కొత్త సామర్థ్యాలు వస్తాయి. అంటే సరిగ్గా ఆడలేనివాడికి సాయం తక్కువ, ఇప్పటికే బాగా ఆడేవాడికి సాయం ఎక్కువ. పోనీ యుద్ధం చేద్దామంటే ఇద్దరు గార్డులు చుట్టుముడితే చాలు, ప్రాణం పోతుంది. నేను మొదటిసారి కీబోర్డ్ మీద ఆడాను. అంచు పట్టుకోవడానికీ వదలడానికీ వేళ్ళు తడబడి ఇంకా ఇబ్బందయింది.

పరుగు తీసే లెవెల్స్ మాత్రం నాకు నచ్చాయి. వెనక అంతా కూలిపోతుంటే ఆగకుండా దూకుతూ, జారుతూ పోవాలి. అక్కడ ఒక్క దారే ఉన్నా బాధ లేదు, పరుగులో దారి వెతుక్కునే తీరిక ఎలాగూ ఉండదు. వీటినీ కొందరు విమర్శకులు తిట్టారు. అక్కడ నేను వాళ్ళతో ఏకీభవించను.

ఇక ఇండియా సంగతి. కథాకాలం 1841. సిక్కు మహారాజు రంజిత్ సింగ్ పోయి రెండేళ్ళయింది, లాహోర్ గద్దె మీద షేర్ సింగ్ ఉన్నాడు, ఈస్టిండియా కంపెనీ సరిహద్దుల్లో కాచుకుని ఉంది. అర్బాజ్ మీర్ ఈ గేమ్ కోసం పుట్టిన పాత్ర కాదు, 2013లో వచ్చిన బ్రాహ్మణ్ అనే కామిక్ నుంచి తెచ్చారు. అతని ప్రియురాలు ప్యారా కౌర్, గురువు హమీద్. ప్రతినాయకుల్లో ఇద్దరు చరిత్రలో నిజంగా ఉన్నవాళ్ళు. అలెగ్జాండర్ బర్న్స్, విలియం స్లీమన్. బ్రిటిష్ అధికారి అయిన బర్న్స్‌ని 1841 నవంబరులో కాబూల్‌లో జనం ఇంటిమీద పడి చంపేశారు. స్లీమన్ అంటే థగ్గులనే దారిదోపిడీ ముఠాల్ని అణచివేసిన అధికారిగా పాఠాల్లో చదువుకున్నాం. మధ్యప్రదేశ్‌లో ఆయన పేరుమీద స్లీమనాబాద్ అనే ఊరు ఇప్పటికీ ఉంది. ఆ మనిషిని ఒక బ్రిటిష్ స్టూడియో ఖలనాయకుడిగా చూపించిందంటే అది చిన్న విషయం కాదు. నేను చదివిన రివ్యూల్లో ఒక్కదాంట్లోనూ దీని గురించి రెండు వాక్యాలు లేవు. "రంగులు కళ్ళు చెదిరేలా ఉన్నాయి, కథ పలచగా ఉంది" అనేసి ముందుకెళ్ళిపోయారు.

కథ పలచగా ఉందన్నది నిజమే. కదలని బొమ్మల మీద మాటలు వినిపించి కథ నడిపిస్తారు, ప్యారా కౌర్‌కి దక్కింది చాలా తక్కువ. రంగులు బాగున్నాయన్నదీ నిజమే. సాయంత్రపు నారింజ, నెమలి నీలం, గోడల మీద మెహందీ డిజైన్లు గుర్తుకొచ్చే అల్లికలు. కానీ ఎవరైనా ఒక్కరు ఇంకో ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. గేమ్‌లో చూపించిన ఈ అమృత్‌సర్ ఒక ఊరులా ఉందా, లేక పర్యాటకుల పోస్టర్‌లా ఉందా? నాకు ఎక్కువసేపు పోస్టర్‌లాగే కనిపించింది. వెనకాల గుమ్మటాలు, జెండాలు, ఏనుగులు. బతుకుతున్న మనుషులు తక్కువ. ఒక్క అర్బాజ్ చేతిలోని చక్రం దగ్గర మాత్రం ఎవరో శ్రద్ధగా చదివి చేశారనిపించింది. అది సిక్కుల్లో యోధుల వర్గమైన నిహంగులు తలపాగాకి చుట్టుకునే ఆయుధం, ఊహించి పెట్టింది కాదు.

2021లో రెండోసారి ఆడేటప్పుడు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. సంక్రాంతికి ముందు ఇంటికెళ్ళాను, మాది పల్నాడు వైపు. ల్యాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కంట్రోలర్‌తో ఆడుతుంటే నాన్న వెనక కుర్చీలో పేపర్ చదువుకుంటున్నారు. ఆయనకి గేమ్‌లంటే పట్టదు. కోహినూర్ అన్న మాట వినబడగానే పేపర్ మడిచి పక్కన పెట్టారు.

"ఏ కోహినూర్రా?"

"ఆ వజ్రమే నాన్నా. ఈ గేమ్‌లో దానికేదో శక్తి ఉంటుంది."

"అది మన కొల్లూరుది. తెలుసా వీళ్ళకి?"

కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలోనే కోహినూర్ దొరికిందని ఎక్కువమంది చెబుతారు. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి అక్కడికొచ్చి, ఆడా మగా పిల్లా కలిపి అరవై వేలమంది తవ్వుతున్నారని రాసుకున్నాడు. ఇప్పుడా చోటు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. నాన్న చిన్నప్పుడు వాళ్ళ మేనమామతో ఆ గుంటల దాకా వెళ్ళారట, ఎర్రమట్టీ గులకరాళ్ళూ తప్ప ఏం కనబడలేదట. ఇదంతా చెబుతూ ఆయన అరగంటసేపు నా పక్కనే కూర్చుని చూశారు. నేను ఒక గదిలో ఏడుసార్లు దొరికిపోయాను. "వాడు అటు తిరిగాక కదలరా, తొందరెందుకు" అని ఆయనే చెప్పారు, దాటాను. నా వరకు ఆ గేమ్‌కి విలువ ఆ అరగంటే. ఆ విలువ గేమ్‌ది కాదని నాకు తెలుసు, అందుకే అరవై మార్కుల్ని తప్పుపట్టను.

రష్యా గురించి రెండు ముక్కలు. 1918, నికొలాయ్ అనే వయసుమళ్ళిన అసాసిన్, జార్ కూతురు అనస్తాసియా, ఎరుపూ బూడిదరంగులతో విప్లవకాలపు పోస్టర్లలాంటి చిత్రణ. మూడింట్లో చూడటానికి నాకు ఎక్కువ నచ్చింది అదే. మార్కులు మాత్రం దానికీ ఇండియా దరిదాపుల్లోనే పడ్డాయి, ఫిర్యాదులూ అవే. అప్పటికి విమర్శకులకి ఓపిక అయిపోయింది.

ఒక సంగతి మర్చిపోకూడదు. ఈ వరసకి పక్కనుంచి ఆడే ఆట కొత్తేం కాదు. 2009లోనే నింటెండో వాళ్ళ డీఎస్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం మీద అసాసిన్స్ క్రీడ్ 2: డిస్కవరీ ఇలాగే వచ్చింది. అసలు అసాసిన్స్ క్రీడ్ మొదలైందే ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేమ్‌గా. ఆ మొదటి ప్రిన్స్ 1989లో పక్కనుంచి చూస్తూ ఆడిందే. ఊళ్ళో కంప్యూటర్ సెంటర్‌లో గంటకింత అని ఇచ్చి ఆడిన గుర్తు మీలో చాలామందికి ఉంటుంది. కాబట్టి ఇలా పక్కనుంచి ఆడే (సైడ్ స్క్రోలింగ్) గేమ్ కావడం వల్ల ఈ గేమ్ తక్కువైందని ఎవరైనా అంటే నమ్మకండి.

మీరు ఆడాలనుకుంటే ముందు చైనా ఆడండి, కంట్రోల్స్ చేతికి అలవాటవుతాయి. మధ్యలో ఒక నెల విరామం ఇచ్చి ఇండియా మొదలుపెట్టండి. వెంటవెంటనే ఆడితే విసుగొస్తుంది. ఆగి ఆగి ఆడితే ఐదారు గంటల గేమ్. పూర్తి ధర పెట్టొద్దు, మూడూ కలిపి తరచూ సేల్‌లో చాలా తక్కువకి వస్తాయి. కంట్రోలర్ ఉంటే తప్పకుండా వాడండి. బాగా ఆడితే గేమ్ ఇచ్చే బంగారు పతకాల కోసం మొదటిసారే ప్రయత్నించవద్దు. ఒకే గదిలో ఐదుసార్లు దొరికిపోతే పొగబాంబు విసిరి, పాయింట్లు పోతే పోయాయనుకుని దాటేయండి. నేను 2016లో ఆ పని చేయనందుకే ఐదేళ్ళు ఆగాల్సి వచ్చింది.